చేతిలో ఆంజనేయుడు: హైదరాబాదులో పుట్టిన ఒక ప్లేస్టేషన్ ఆట కథ

2009 మార్చిలో సోనీ వాళ్ళు మన దేశంలో ఒక ప్లేస్టేషన్ 2 డిస్కు విడుదల చేశారు. పేరు "హనుమాన్: బాయ్ వారియర్". తయారుచేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అనే కంపెనీ. ప్లేస్టేషన్ 2 కోసం మొదటి నుంచి చివరిదాకా ఇండియాలోనే తయారైన మొట్టమొదటి గేము అదే. ఊరికే ఏదో కంపెనీకి నాలుగు బొమ్మలు గీసిపంపడం కాదండీ, మొత్తం గేము.

ఇంత పెద్ద "మొట్టమొదటి" మన ఊళ్ళో జరిగితే మనకి తెలిసుండాలి కదా? మాదాపూర్లో ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి పదిమంది సాఫ్టువేరు వాళ్ళని అడిగి చూడండి. గాడ్ ఆఫ్ వార్ పేరు పదిమందికీ తెలుస్తుంది. ఈ గేము పేరు ఒక్కరికి తెలిస్తే గొప్పే. తెలిసిన ఆ ఒక్కరికీ రెండే సంగతులు గుర్తుంటాయి. ఒకటి, దీనిమీద ఒక గొడవ జరిగింది. రెండు, గేము బాగోలేదన్నారు. ఆ రెండు సంగతుల గురించే ఈ టపా. వాటిలో ఒకటి అడగకూడని ప్రశ్న, రెండోది అడగాల్సిన ప్రశ్న అని నా వాదన.

ముందు గేములు ఆడనివాళ్ళ కోసం కాస్త ఉపోద్ఘాతం. ఒక కథ హిట్టయ్యాక, ఆ కథ మొదలవడానికి ముందు ఏం జరిగిందో చెబుతూ ఇంకో కథ తీస్తారు. దాన్ని ప్రీక్వెల్ అంటారు. గాడ్ ఆఫ్ వార్ వాళ్ళకి ఇది బాగా అలవాటు. మొదటి గేము 2005లో వచ్చింది, రెండోది 2007లో. 2008లో చేత్తో పట్టుకుని ఆడే పీఎస్పీ మీద "చెయిన్స్ ఆఫ్ ఒలింపస్" వచ్చింది, అది మొదటి గేముకన్నా ముందు జరిగిన కథ. 2013లో పీఎస్3 మీద వచ్చిన "అసెన్షన్" ఇంకా వెనక్కి వెళ్ళింది. గ్రీకు దేవుళ్ళు, రాక్షసులు, మధ్యలో క్రేటోస్ అనే ఒక కోపిష్టి వీరుడు.

ప్రీక్వెల్ తో ఒక చిక్కుంది. హీరో చివరికి ఏమవుతాడో ఆడేవాడికి ముందే తెలుసు. పైగా గేములో హీరో మొదట బలహీనంగా ఉండాలి, ఆడేకొద్దీ ఒక్కో శక్తీ రావాలి. లేకపోతే ఆడటానికి ఏముంటుంది? ఇప్పటికే మహాబలుడైన హీరోని మళ్ళీ మొదటి మెట్టు మీద ఎలా నిలబెట్టాలి? గాడ్ ఆఫ్ వార్ రెండో భాగంలో ఇందుకోసం ఒక కిటుకు వాడారు. మొదట్లోనే జ్యూస్ మోసంచేసి క్రేటోస్ శక్తులన్నీ ఒక కత్తిలోకి పోయేట్టు చేస్తాడు. పాపం ఆయన మళ్ళీ మొదటినుంచి సంపాదించుకోవాలి.

ఇప్పుడు మన హనుమంతుడి సంగతి చూడండి. గేము డిజైనర్లు కూర్చుని రాసుకున్నా ఇంత బాగా కుదరదు. కిష్కింధకాండలో సముద్రం ఒడ్డున దిగాలుగా కూర్చున్న హనుమంతుడికి జాంబవంతుడు ఆయన చిన్నప్పటి కథ గుర్తుచేస్తాడు. ఉత్తరకాండలో అగస్త్యుడు అదే కథని రాముడికి ఇంకా వివరంగా చెబుతాడు. పుట్టీ పుట్టగానే సూర్యుణ్ణి పండనుకుని ఎగరడం, ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకి దవడ విరిగి పడిపోవడం, కోపమొచ్చిన వాయుదేవుడు గాలి ఆపెయ్యడం, దేవతలంతా దిగొచ్చి పిల్లాణ్ణి బతికించి ఒక్కొక్కరూ ఒక్కో వరం ఇవ్వడం. ఆ వరాలతో కుర్రాడు మునుల ఆశ్రమాల్లో అల్లరి మొదలెట్టాడు. మునులు విసిగిపోయి, నీ బలం నీకు గుర్తుండదు, ఎవరైనా గుర్తుచేస్తేనే తెలుస్తుంది అని శపించారు.

అన్ని శక్తులూ ఉన్నాయి, కానీ తాళం వేసి ఉన్నాయి. ఎవరో ఒకరు తాళం తియ్యాలి. వీడియో గేములో "అన్‌లాక్" అనే మాటకి ఇంతకన్నా మంచి కథ ప్రపంచంలో ఎక్కడుంది చెప్పండి?

ఇంకో విశేషం. ఉత్తరకాండ మూల రామాయణానికి తర్వాత చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం. రావణుడి పుట్టుపూర్వోత్తరాలు, హనుమంతుడి బాల్యం అందులోనే విస్తారంగా ఉంటాయి. అంటే అసలు కథ హిట్టయ్యాక, "మరి అంతకుముందు ఏం జరిగింది?" అని జనం అడిగితే వచ్చిన భాగమన్నమాట. తెలుగులో చూస్తే 13వ శతాబ్దంలో తిక్కన గారు "నిర్వచనోత్తర రామాయణం" అని ఉత్తర రామాయణాన్నే విడిగా తీసుకుని రాశారు. కాబట్టి ప్రీక్వెల్ అనేది కాలిఫోర్నియాలో కనిపెట్టిందేమీ కాదు. మనవాళ్ళకి ఆ రుచి చాలా పాతది.

సరే, కథ ఉంది. 2009లోనే ఎందుకొచ్చింది? అదీ ప్లేస్టేషన్ 2 మీదే ఎందుకు?

అప్పటికి పీఎస్2 ముసలి పెట్టె. జపాన్లో 2000లో వచ్చింది. అమెరికా, జపాన్లలో 2006 చివర్లోనే పీఎస్3 వచ్చేసింది. మన దేశంలో 2007 ఏప్రిల్లో పీఎస్3 దిగింది, 39,990 రూపాయలకి. ఆ రోజుల్లో ఫ్రెషర్ గా చేరిన ఇంజినీరుకి అది రెండు నెలల జీతం పైమాటే. మధ్యతరగతి ఇంట్లో పిల్లాడికోసం ఎవరు కొంటారు? అందుకని సోనీ వాళ్ళకి ఇండియాలో అసలు వ్యాపారం పీఎస్2 మీదే సాగింది. మిగతా ప్రపంచం ముందుకెళ్ళిపోయినా ఇక్కడ ఆ పెట్టె ఇంకా కొత్తదే.

పైగా కాపీ డిస్కుల గొడవ ఒకటి. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మాది దాచేపల్లి. పల్నాట్లో పీఎస్2 అంటే ఇంట్లో ఉండే వస్తువు కాదు, వీడియో గేముల షాపులో గంటకింతని ఇచ్చి ఆడేది. చిప్పు కొట్టించిన పెట్టె, మార్కరుతో పేరు రాసిన డిస్కు. అసలు డిస్కు అనేది ఒకటుంటుందని, దానికి అట్టపెట్టె, లోపల పుస్తకం ఉంటాయని మాలో చాలామందికి తెలియదు. హైదరాబాదులో, బొంబాయిలో కూడా పరిస్థితి ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. ఇలాంటి చోట పరదేశం గేముని పరదేశం ధరకి అమ్మలేరు. వేరే ఏదో చెయ్యాలి.

సోనీ లెక్కల్లో మన దేశం యూరప్ ఖాతాలో ఉండేది. మన టీవీలు, యూరప్ టీవీలు రెండూ పాల్ పద్ధతే కాబట్టి అక్కడి డిస్కులు ఇక్కడా నడిచేవి. హనుమాన్ గేము మీద ప్రచురణకర్త పేరు చూస్తే "సోనీ కంప్యూటర్ ఎంటర్టైన్మెంట్ యూరప్" అని ఉంటుంది. ఆ యూరప్ విభాగమే "ఇండియాకి ఇండియా సరుకు" అన్న దారి పట్టింది. 2007లో సింగ్‌స్టార్ బాలీవుడ్ వచ్చింది, హిందీ సినిమా పాటలు పాడుకునే గేము. 2009లో మన హనుమంతుడు. అదే ఏడాది "దేశీ అడ్డా", అందులో కబడ్డీ, గిల్లీదండా లాంటి ఆటలు. దాన్ని తయారుచేసిన గేమ్‌శాస్త్ర కూడా హైదరాబాదు కంపెనీయే. 2010లో గల్లీ క్రికెట్ గేము ఒకటి బొంబాయి నుంచి వచ్చింది.

హనుమంతుణ్ణే ఎంచుకోవడానికి కారణం ఊహించడం కష్టమేం కాదు. 2005లో "హనుమాన్" యానిమేషన్ సినిమా వచ్చి బాగా ఆడింది. 2007లో "రిటర్న్ ఆఫ్ హనుమాన్" వచ్చింది. టిఫిన్ డబ్బాల మీద, స్కూలు సంచుల మీద బుల్లి హనుమంతుడే. ఆ బొమ్మని చూపిస్తే ఏ పిల్లాడైనా గుర్తుపడతాడు, పిల్లాడి నాయనమ్మ కూడా గుర్తుపడుతుంది. పర్సు తెరిచేది పెద్దవాళ్ళు కదా! వ్యాపారంగా చూస్తే తెలివైన ఆలోచనే.

మరి గొడవ ఎక్కడొచ్చింది?

అమెరికాలో నెవాడా రాష్ట్రంలో రాజన్ జెడ్ అని ఒక హిందూ మత ప్రతినిధి ఉన్నారు. 2007లో అమెరికా సెనేట్లో మొట్టమొదటిసారి హిందూ ప్రార్థన చదివింది ఆయనే. ఈ గేము వచ్చిన కొద్దిరోజులకే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని ఆయన ప్రకటన ఇచ్చారు. ఆయన వాదన క్లుప్తంగా ఇది: భక్తులు తమ బతుకుని దేవుడి చేతిలో పెడతారు, గేములోనేమో దేవుడు ఆడేవాడి చేతిలో ఉంటాడు, బటన్ నొక్కితే దేవుడు గెంతడం అపచారం. 2012లో "స్మైట్" అనే అమెరికన్ గేములో కాళికాదేవి బొమ్మ వచ్చినప్పుడు కూడా ఆయన ఇలాగే అభ్యంతరం చెప్పారు. స్మైట్ విషయంలో ఆయన బాధ నాకు కొంత అర్థమవుతుంది. హనుమంతుడి విషయంలో మాత్రం ఈ ప్రశ్నే తప్పు ప్రశ్న అనిపిస్తుంది.

ఎందుకంటే దేవుణ్ణి చేత్తో ఆడించడం మనకి కొత్త కాదు. తోలుబొమ్మలాట సంగతేమిటి? అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. తెర వెనక కూర్చున్న మనిషి పుల్లల్తో హనుమంతుణ్ణి ఎగరేస్తాడు, దూకిస్తాడు, రాక్షసుల్ని తన్నిస్తాడు. హనుమంతుడి తోక అక్షరాలా ఆయన వేళ్ళ మధ్య ఉంటుంది. చూసే జనం దణ్ణం పెడతారేగానీ అపచారం అనరు. పద్యనాటకాల్లో ఊరి మనిషే రంగు పూసుకుని తోక కట్టుకుని ఆంజనేయుడవుతాడు. తెల్లారాక అదే మనిషి మిరప తోటలో నీళ్ళు కడుతుంటాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అయితే ఆ వాదనలో ఒక బలమైన ముక్క ఉంది, దాన్ని దాటేస్తే న్యాయం కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు ఓడిపోడు. వీడియో గేములో ఆడేవాడికి చేతకాకపోతే ఓడిపోతాడు, కింద పడతాడు, తెరమీద ఆట అయిపోయిందని వస్తుంది. భక్తుడికి ఆ దృశ్యం కష్టంగా ఉంటుందంటే కాదనలేం. కానీ దీనికి కూడా జవాబు పైన చెప్పుకున్న కథలోనే ఉంది. బాల హనుమంతుడు నిజంగానే కింద పడ్డాడు కదా! వజ్రం దెబ్బకి పర్వతం మీద పడి ప్రాణం లేకుండా ఉంటే, తండ్రి ఒళ్ళో పెట్టుకుని గుహలో కూర్చున్నాడు. బ్రహ్మ వచ్చి తాకితే మళ్ళీ లేచాడు. పడటం, లేవడం, లేచాక ఇంకా బలంగా మారడం, ఇదంతా వాల్మీకం పేరుమీద మనం చదువుకునే కథే. ఆయన బాల్యమంతా అదే.

ఇక రెండో సంగతికి వద్దాం. గేము ఎలా ఉంది?

బాగోలేదన్నారు. మన దేశంలోని గేమింగ్ సైట్లు దాన్ని ఉతికి ఆరేశాయి. బొమ్మలూ తిట్లు తిన్నాయి, బటన్లు నొక్కితే హనుమంతుడు కదిలే తీరూ తిట్లు తింది. పీఎస్2 పాతబడిపోయింది కదా, అందులో అంతకన్నా ఏం వస్తుంది అనడానికి వీల్లేదు. గాడ్ ఆఫ్ వార్ రెండో భాగం 2007లో అదే పీఎస్2 మీద వచ్చి, ఆ పెట్టె ఇంత పని చెయ్యగలదా అని అందర్నీ నోరెళ్ళబెట్టించింది. అదే పెట్టె, అదే మెమరీ, అదే డిస్కు.

తేడా ఎక్కడుందో మనబోటి వాళ్ళకి వేరే చెప్పాలా? హైదరాబాదులో అప్పటికే గేముల పని చాలా జరుగుతుండేది. ఎక్కువభాగం విదేశీ స్టూడియోలకి కావాల్సిన ముక్కలు: ఒక కారు బొమ్మ, ఒక గోడ, టెస్టింగ్, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోనుకి మార్పించడం. స్పెసిఫికేషన్ వస్తుంది, చేసి పంపుతాం, బాగోలేకపోతే తిరిగొస్తుంది. అందులో మనవాళ్ళు దిట్టలు. కానీ "ఈ గెంతు ఆడేవాడి వేలికి ఎలా అనిపించాలి?" అన్నది ఏ స్పెసిఫికేషన్లోనూ రాదు. శాంటా మోనికాలో ఆ గేము చేసినవాళ్ళు క్రేటోస్ కంటే ముందు ఎన్నో తప్పటడుగులు వేసిన పరిశ్రమలో పెరిగారు. వాళ్ళకి చెప్పేవాళ్ళున్నారు. మనకి ఆ రోజు చెప్పేవాళ్ళు లేరు, ఎందుకంటే మనదే మొదటిది. అందుకని ఆ టీముని ఇవాళ ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాదు. పదో తరగతి పరీక్ష రాసేవాడి పక్కన పీహెచ్‌డీ వాణ్ణి కూర్చోబెట్టి మార్కులు వేశారు.

కానీ ఒక్కటి అనాలి. ఇండియా సరుకు అన్న ఆ వరసంతటి వెనకా ఒక నమ్మకం కనిపిస్తుంది. తెలిసిన మొహం ఉంటే చాలు, జనం కొంటారు అని. హనుమంతుడు, సినిమా పాట, క్రికెట్టు. పెట్టె మీద బొమ్మ చాలు, లోపలి సరుకు తర్వాత చూసుకోవచ్చు అని. పర్లేదులే, ఇక్కడివాళ్ళకి ఇది చాలు అనుకోవడం నా దృష్టిలో అసలైన అపచారం. దేవుడికి అనండి, ఆడే పిల్లాడికి అనండి, రెండూ ఒకటే.

ఇదంతా మా పల్నాడు వాళ్ళకి కొంచెం త్వరగా అర్థమవుతుంది. ఎందుకంటే మాక్కూడా ఒక "బాయ్ వారియర్" ఉన్నాడు. బాలచంద్రుడు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చచ్చిపోయిన కుర్రాడు. బొంగరాలాట ఆడుకుంటూ, ఆ బొంగరం వల్ల జరిగిన గొడవలోంచి యుద్ధం సంగతి తెలుసుకుని కదనానికి వెళ్ళిన పిల్లాడు. ఆ యుద్ధం కారంపూడిలో నాగులేటి ఒడ్డున జరిగింది. ఆ నాగులేరే మా దాచేపల్లి మీదుగా కృష్ణ వైపు పోతుంది. ఏటా కార్తీకమాసం చివర కారంపూడిలో అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అయిదు రోజులు, అయిదు ఘట్టాలు. ఏ గేము డిజైనరైనా చూస్తే ఇవి లెవెల్సే కదా అంటాడు :)

ఆ వీరుల్ని పల్నాట్లో దేవుళ్ళుగా కొలుస్తారు. వాళ్ళ ఆయుధాలకి పూజలు చేస్తారు. అయినా వీరవిద్యావంతులు ఆ కథని చేత్తో కత్తి పట్టుకుని ఆడతారు, పాడతారు. ఎవరూ అడ్డు చెప్పరు. అడ్డు చెప్పకపోవడానికి కారణం ఒక్క భక్తే అనుకోను. ఏళ్ళ తరబడి నేర్చుకుంటేగానీ ఆ కత్తి చేతికి ఇవ్వరు. తప్పు పాడితే కింద కూర్చున్న ముసలాయన అక్కడే ఆపి సరిచేస్తాడు. అంటే జనం అడిగేది "నువ్వు ఈ దేవుణ్ణి పట్టుకోవచ్చా?" అని కాదు. "ఎంత బాగా పట్టుకున్నావు?" అని. హనుమాన్ గేము విషయంలో మత ప్రతినిధి మొదటి ప్రశ్న అడిగాడు. గేమింగ్ సైట్లవాళ్ళు తెలిసో తెలియకో రెండోది అడిగారు. మన సంప్రదాయం అడిగే ప్రశ్న రెండోదే.

పల్నాటి కథ ఒక్కసారి చెప్పి ఊరుకున్నది కాదన్న సంగతి కూడా గమనించాలి. శ్రీనాథుడి పేరుమీద ద్విపదలో ఒక పాఠం ఉంది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి 1911లో అచ్చువేశారు. 1947లో సినిమా వచ్చింది, అందులో అక్కినేని బాలచంద్రుడు. 1966లో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడుగా ఇంకో సినిమా. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ వచ్చి ఇక్కడి గాయకుడు పాడిన కథని రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ప్రతివాడూ ముందువాడు వదిలేసినచోట అందుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ మీద వెర్షన్.

హనుమాన్ గేముకి ఆ అదృష్టం దక్కలేదు. వన్ పాయింట్ జీరో వచ్చింది, అక్కడే ఆగిపోయింది. 2013 మొదట్లో పీఎస్2 తయారీయే ఆగిపోయింది. దానితోపాటు ఇండియా కోసం ప్రత్యేకంగా డిస్కులు చేసే సరదా కూడా చల్లబడింది.

అలాగని దారి మూసుకుపోలేదు. 2017లో హైదరాబాదుకే చెందిన ఓగర్ హెడ్ స్టూడియో "అసుర" అని ఒక గేము కంప్యూటర్ల మీద విడుదల చేసింది. మన పురాణాల రాక్షసుల లోకం, కత్తియుద్ధం. చిన్న టీము, సొంత ఆలోచన. 2020లో పుణె వాళ్ళ "రాజీ" వచ్చింది, ప్రపంచమంతా ఆడారు. అందులో కథ చెప్పేది తోలుబొమ్మలాట పద్ధతిలోనే! 2009లో దేవుడి చేతిని వదిలి తోలుబొమ్మ పుల్లని పట్టుకోవాలని ఎవరికైనా తట్టి ఉంటే ఎలా ఉండేదో అనిపించింది నాకది చూసినప్పుడు. ఈ రెండూ ఇండియా మార్కెట్టుకి ఇది చాలు అన్న లెక్కతో చేసినవి కావు. ఎవరు ఆడినా నిలబడాలి అని చేసినవి. తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. ఉమాకాంతం గారు తాళపత్రాలు వెతికి అచ్చువెయ్యకపోతే ఆ ద్విపద ఇవాళ మనకి చేతికందేది కాదేమో. తాటాకు మూడు నాలుగు వందల ఏళ్ళయినా ఉంటుంది. డిస్కు అంతకాలం ఉండదు. సోర్సు కోడు సంగతి సరేసరి, ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు ఏ హార్డుడిస్కు ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. ఆ రోజుల్లో హైదరాబాదులో కూర్చుని పీఎస్2 డెవలప్‌మెంట్ కిట్టుతో కుస్తీపట్టినవాళ్ళు ఇప్పుడు నలభైల్లో ఉంటారు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఏం చేశారో, ఎక్కడ ఇరుక్కున్నారో, ఆ గెంతు ఎందుకు సరిగ్గా రాలేదో రాసిపెట్టండి. ఇంకో పిల్లకాయ ఎవరో దాచేపల్లిలోనో దర్శిలోనో కూర్చుని రెండో వెర్షన్ రాస్తాడు. వాడికి బలముంది. గుర్తుచేసే జాంబవంతుడు కావాలి, అంతే.